బావమరిది చేతిలో హోసు

మా అమ్మాయి కువైట్‌లో నర్సు. సల్వాలో ఆమె అద్దెకుంటున్న ఫ్లాటు బాల్కనీలో కూర్చుని ఇది రాస్తున్నాను. సముద్రం కాస్త అవతలే ఉందట. బాల్కనీలోంచి మాత్రం కార్లు తప్ప ఏమీ కనపడవు. "జీవితమంతా నీళ్ళతో గడిపావు కదా నాన్నా, సముద్రం కనపడే ఇల్లు చూడనా?" అని అడిగింది. వద్దన్నాను. చూసింది చాలు.

నేను మొదట సబ్‌మెరైన్‌లో పనిచేశాను. నౌకాదళంలో చివరి కొన్నేళ్ళు డైవింగ్ నేర్చుకుని, నేర్పించి, చీఫ్‌గా బయటికొచ్చాను. తర్వాత రిటైరయ్యేదాకా కువైట్‌లో డైవింగ్ సూపర్‌వైజర్‌ని. ఈమధ్య మన కుర్రాళ్ళు ఫోన్లు చేస్తున్నారు. "డైవింగ్ కోర్సు అయిపోవచ్చింది అంకుల్, ఫీల్డ్ ఎలా ఉంటుంది?" అని. ఒక్కొక్కడికీ విడివిడిగా చెప్పి గొంతు పోతోంది. అందుకని రాసి పెడుతున్నాను. ప్రమోషన్లు, మెడల్స్, ఎవరు ఎవరి మీద ఏ రిపోర్టు రాశారు అనేవి ఇందులో లేవు. నిజం చెప్పాలంటే అవి నాకే గుర్తులేవు.

కిటికీ లేని ఉద్యోగం

సబ్‌మెరైన్‌లో చేశానని చెప్పగానే జనం అడిగే మొదటి ప్రశ్న, లోపల్నుంచి చేపలు కనపడతాయా అని. కనపడవు. కిటికీ ఉండదు. ఉండేది డీజిల్ వాసన, పక్కవాడి చెమట వాసన, నిన్నటి పప్పు వాసన. మా ఊరు విజయనగరం దగ్గర పల్లెటూరు. నేను సముద్రం చూసిందే ఉద్యోగంలో చేరాక. చూసిన కొద్దిరోజులకే దాని కిందికి పంపించారు.

నా పని వినడం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నీళ్ళలో చప్పుళ్ళు వింటూ, ఇది ఓడ, ఇది చిన్న పడవ, ఇది రొయ్యల గుంపు అని చెప్పాలి. "నేను చెప్పేది ఒక్కటీ చెవిన పెట్టరు, మీకు వినే ఉద్యోగం ఎవరిచ్చారండీ?" అని మా ఆవిడ పెళ్ళైన కొత్తలో ఆశ్చర్యపోయేది. ఆ ఆశ్చర్యం ఇప్పటికీ పోలేదు.

మా కెప్టెన్ బక్కపల్చటి మనిషి. తెలుగు రాదు, హిందీ కూడా కష్టపడి మాట్లాడేవాడు. ఆయన గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. వినే ఉద్యోగం నాది కాబట్టి ఆ మాట ధైర్యంగా చెప్పగలను. ఒకసారి నీళ్ళ కింద ఉండగా ఇంజన్ గదిలో ఒక పైపు జాయింటు వదిలేసింది. సముద్రం లోపలికి రావడం మొదలైంది. అందరూ ఒక్కసారే అరుస్తున్నారు. కెప్టెన్ మైకు తీసుకుని ఇంజన్ గదిని అడిగాడు: "ఏ వాల్వు?" అరుపులే జవాబు. అదే గొంతుతో, అంతే నెమ్మదిగా మళ్ళీ అడిగాడు: "ఏ వాల్వు?" ఇంకోసారి అడిగేసరికి అవతల అరుపులు తగ్గి, ఎవరో వాల్వు పేరు చెప్పారు. "మూసెయ్" అన్నాడు. మూసేశారు. తర్వాత టీ అడిగాడు. తెచ్చినవాడు సగం ఒలకబోశాడు. మిగతా సగం తాగాడు.

మీకు భయం వెయ్యలేదా సార్ అని చాలా రోజుల తర్వాత అడిగాను. "వేసింది. భయపడ్డవాడి బుర్రకి ఒకసారికి ఒక్క పనే ఎక్కుతుంది. భయపడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను. అందుకే ఒక్కటే అడిగాను" అన్నాడు. మొత్తం ఉద్యోగంలో నేను నేర్చుకున్నదాంట్లో సగం ఇదే.

కెప్టెన్ తినని రొయ్యల కూర

ఆయన దేవుడేం కాదు. ఒకసారి పైకి తేలే ముందు నేను హెడ్‌ఫోన్స్‌లో చిన్న మోటారు చప్పుడేదో ఉందని చెప్పాను. దూరంగా ఉందా దగ్గరగా ఉందా అన్నాడు. తేల్చడానికి కాస్త టైం కావాలన్నాను. ఆయనకి టైం లేదు. పైకి తేల్చమన్నాడు. తేలాం, ఒక చేపల వల మొత్తాన్ని నెత్తిన వేసుకుని తేలాం.

పక్కనే మరపడవ. అందులో మనవాళ్ళు, అంటే తెలుగువాళ్ళు, చేతులూపుతూ అరుస్తున్నారు. కెప్టెన్ నన్ను పైకి పిలిపించాడు.

"ఏమంటున్నారు?"

"తిడుతున్నారు సార్."

"ఎవర్ని?"

"మీ అమ్మగారిని సార్."

ఆయన కాసేపు ఆలోచించి, తప్పు మా అమ్మది కాదు, నాది, క్షమించమన్నానని చెప్పు అన్నాడు. చెప్పాను. వాళ్ళు నోళ్ళు మూసుకున్నారు. అంత పెద్ద ఇనప దయ్యంలోంచి క్షమాపణ వస్తుందని వాళ్ళు అనుకోలేదు పాపం. వల కోసి ఇచ్చేశాం. డెక్కు మీద పడ్డ రొయ్యలు వద్దన్నా మాకే వదిలేసి పోయారు. ఆ పూట వంటవాడు చేసిన కూర గురించి ఇప్పటికీ మా బ్యాచ్‌వాళ్ళు చెప్పుకుంటారు. కెప్టెన్ మాత్రం పప్పన్నం తిన్నాడు. బతిమాలితే, "నా తప్పుతో వండిన కూర నేను తినను" అన్నాడు.

తప్పు చెయ్యని బాసు మీకెక్కడైనా దొరికితే చెప్పండి, వచ్చి చూసి పోతాను. చేసి, నాదే అన్న బాసు నాకు ఆ ఒక్కడే దొరికాడు. మిగతావాళ్ళు కూర లొట్టలేసుకుంటూ తిని, రిపోర్టులో నా చెవులు బాగాలేవని రాసేవాళ్ళు.

ఆయనకి ఒక పట్టింపు ఉండేది. అన్నదమ్ముల్నిగానీ బావా బావమరుదుల్నిగానీ ఒకే డ్యూటీలో వెయ్యడు. మాలో ఒకడికి పినతండ్రి కొడుకు అదే సబ్‌మెరైన్‌లో ఉండేవాడు. ఇద్దర్నీ ఒకే డ్యూటీలో వెయ్యమని తెగ వేధించాడు. కెప్టెన్ అతణ్ణి రెండు గదుల మధ్య ఉండే ఇనప తలుపు దగ్గరికి తీసుకెళ్ళాడు. నీళ్ళు వస్తే ఆ తలుపు వేసెయ్యాలి, అవతల ఎవరున్నా సరే. ఆ పినతండ్రి కొడుకుని అవతల నిలబెట్టి, "నీళ్ళొస్తున్నాయి. వెయ్" అన్నాడు. నీళ్ళూ లేవు, ఏమీ లేదు. ఇద్దరూ నవ్వుతున్నారు. అయినా వీడి చెయ్యి పిడి మీద ఆగిపోయింది. వెయ్యడానికి కాస్త సమయం పట్టింది. "చూశావా, ఉత్తుత్తి నీళ్ళకే ఇంతసేపు పట్టింది" అని కెప్టెన్ వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎవడూ అడగలేదు.

గుల్లలు గీకే పని

కువైట్‌లో నది లేదు. జనం తాగే నీళ్ళు సముద్రంలోంచే రావాలి. పెద్ద పెద్ద కాలువల్లోంచి సముద్రపు నీళ్ళని పంపులు ఉప్పు తీసే ప్లాంటు లోపలికి లాక్కుంటాయి. పంపుల ముందు ఇనప జాలీలుంటాయి. వాటికి గుల్లలు పట్టేస్తాయి. వాటిని గీకేవాళ్ళం మేం. డైవింగ్ అంటే పగడాలూ రంగు చేపలూ అని ఊహించుకుని వచ్చినవాడి చేతికి గీకే రేకు ఇచ్చి, మొహం ముందు పెట్టుకున్న చెయ్యి కనపడనంత మడ్డి నీళ్ళలోకి దించుతాం. అదీ శీతాకాలంలో. ఎండాకాలంలో కువైట్‌లో ఏ పంపూ ఆపనివ్వరు.

డైవరు నెత్తిన హెల్మెట్. పైనుంచి ఒక లావుపాటి హోసు. గాలి దాంట్లోనే వస్తుంది, మాట దాంట్లోనే వస్తుంది, అవసరమైతే మనిషిని పైకి లాగేదీ దాంతోనే. ఒడ్డున ఒకడు ఆ హోసు పట్టుకుని కొంచెం కొంచెంగా వదులుతూ, తీసుకుంటూ ఉంటాడు. వాణ్ణి టెండర్ అంటారు. సూపర్‌వైజర్ పక్కన కుర్చీలో కూర్చుని మైకులో కిందివాడితో మాట్లాడతాడు. కెప్టెన్ ఉద్యోగంలాంటిదే. కాకపోతే కెప్టెన్ తన మనుషులతోపాటు నీళ్ళ కింద ఉంటాడు. నేను ఒడ్డున గొడుగు కింద ఉండేవాణ్ణి. ఆ తేడా నాకెప్పుడూ బాధగానే ఉండేది.

నా దగ్గర సత్తిబాబు అని కోనసీమ మనిషి డైవరుగా ఉండేవాడు. అతని హోసు పట్టేది బావమరిది వీర్రాజు. వీర్రాజు అక్క నాగమణి, అంటే సత్తిబాబు భార్య, సబా అల్ సలేంలో ఒక కువైటీ ఇంట్లో పనిచేసేది. బావా బావమరుదులిద్దరూ ఊళ్ళో గోదావరి ఇసుక పడవ మీద పనిచేసినవాళ్ళు. ఆ పని చూడనివాళ్ళకి చెబుతాను. పడవ పక్కన గెడ పాతి, ఒకడు బకెట్టు తీసుకుని ఊపిరి బిగబట్టి గెడ పట్టుకుని అడుక్కి దిగుతాడు. ఇసుక నింపుతాడు. పడవలో ఉన్నవాడు తాడు లాగుతాడు. దిగేవాడు సత్తిబాబు, లాగేవాడు వీర్రాజు. కిందివాడు ఆలస్యం చేస్తే పైవాడు ఆలోచిస్తూ కూర్చోడు, తాడందుకుని మనిషినే లాగేస్తాడు. అలా లాగి వీర్రాజు బావకి చావు తప్పించిన సందర్భాలున్నాయి. అందుకే ఆ పడవల మీద తాడు ఎప్పుడూ అయినవాళ్ళ చేతుల్లోనే ఉంటుంది.

మా పనిలో కిందివాడికి గాలి ఆగదు. ఆలస్యమైతే కొంపలేం అంటుకోవు. ముందు అడగాలి, తర్వాతే లాగాలి. ఇది వీర్రాజుకి చెప్పాను. "ఆయ్, అలాగేనండి" అన్నాడు. బుర్రకి ఎక్కింది, చేతులకి ఎక్కలేదు. సత్తిబాబు కాసేపు మాట్లాడకపోతే చాలు, హోసు బిగిసిపోయేది. వీళ్ళిద్దర్నీ విడదీద్దామని మా మేనేజరుతో అన్నాను. "బావా బావమరిది అయితే గొడవలుండవు చీఫ్, సెలవులు కూడా కలిపే అడుగుతారు" అన్నాడు. కెప్టెన్ తలుపు కథ చెప్పాను. "చీఫ్, ఇది సబ్‌మెరైన్ కాదు" అన్నాడు.

అదే టీములో నర్సయ్య అని జగిత్యాల మనిషి. టీమువాళ్ళుండే అర్దియా క్యాంపులో అందరిదీ ఒకే వంటగది. నర్సయ్య శనివారం ఒక్కపొద్దు ఉంటాడు. ఒక శనివారం సత్తిబాబు సరిగ్గా అతను పూజ చేసుకునే వేళకి ఎండుచేపలు వేయించాడు. కావాలని చెయ్యలేదు, ఆకలేసింది. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకే బస్సులో వెళ్తూ చెరో కిటికీలోంచి చూసేవాళ్ళు.

లాగకూడని రోజు

ఆ రోజు సత్తిబాబు ఒక పంపు గదిలోకి దిగాడు. నీళ్ళు నిండిన గది అది. ఆ గది పంపు ఆపారు, స్విచ్చికి తాళం వేశారు, తాళంచెవి నా జేబులో ఉంది. పక్క గది పంపు నడుస్తోంది. రెండు గదుల మధ్య గోడలో ఒక చిన్న గేటుంది. అది మూసి ఉందని ప్లాంటువాళ్ళు చెప్పారు. మూశారు కూడా. కానీ అడుగున గుల్లలు అడ్డం పడి గేటు పూర్తిగా కూర్చోలేదు. కింద సందు మిగిలింది. పక్క పంపు లాగేస్తుంటే అటువైపు నీళ్ళ మట్టం తక్కువ, ఇటువైపు ఎక్కువ. అందుకని నీళ్ళన్నీ ఆ సందులోంచి అటు దూసుకుపోతున్నాయి. చీకట్లో ఉన్నవాడికి అది కనపడదు. కాలు పెట్టాకే తెలుస్తుంది.

"చీఫ్ గారూ, కాలెవరో పట్టుకున్నట్టుందండీ" అన్నాడు సత్తిబాబు మైకులో.

"ఎవరూ కాదు, నీళ్ళు. నొప్పిగా ఉందా?"

"నొప్పికాదండి, వదలట్లేదండి."

మా పనిలో మనుషులు పోయేది ఎక్కువగా ఇలాగే. అలా పట్టిన నీళ్ళతో పోట్లాడి గెలిచినవాణ్ణి నేను చూడలేదు. రెండు వైపులా మట్టం సమానమయ్యేదాకా అది వదలదు.

స్పీకర్లో వచ్చే మాట ఒడ్డున అందరికీ వినపడుతుంది. వీర్రాజు విన్నాడు. ఇంకేముంది, కాళ్ళు తన్నిపెట్టి హోసు లాగాడు. కింద సత్తిబాబు కేక పెట్టాడు: "లాగొద్దనండీ! లాగొద్దనండీ! హోసు గోడ గుల్లలకి ఒరుసుకుంటందండీ, కోసుకుపోతందండీ!" ఆ గుల్లల అంచులు బ్లేడుల్లా ఉంటాయి. లాగినకొద్దీ గాలి వచ్చే హోసుని అవి కోసేస్తాయి. కానీ బావ కేక విన్న వీర్రాజు చేతులకి మాటలు అర్థం కాలేదు. కేక మాత్రం అర్థమైంది. మళ్ళీ లాగడానికి వంగాడు.

"వీర్రాజూ, చెయ్యి తియ్."

"చచ్చిపోతాడండీ! మా బావండీ!"

"చెయ్యి తియ్."

"లాగితే వచ్చేస్తాడండీ, ఒక్కసారండీ, మీకు దణ్ణం పెడతానండీ..."

"చెయ్యి తియ్."

అతని మొహం చూసి చెప్పలేక హోసు వైపు చూస్తూ చెప్పాను. ఎప్పుడు వదిలాడో తెలియదుగానీ, నేను తలెత్తేసరికి హోసు నర్సయ్య చేతుల్లో ఉంది. నేనే సైగ చేశాను. నర్సయ్యని ఎందుకు పిలిచావని తర్వాత చాలామంది అడిగారు. సత్తిబాబు మీద ప్రేమ లేనివాడు ఆ ఒడ్డున అతనొక్కడే. అతను హోసుని పాలు పితికే మనిషిలా తేలిగ్గా పట్టుకుని నిలబడ్డాడు. అవసరమైతే దిగడానికి సిద్ధంగా ఉండే స్టాండ్‌బై డైవరు దూకుతానని లేచాడు. కూర్చోబెట్టాను. నీళ్ళు అలా లాగుతుండగా రెండోవాణ్ణి దించితే ఇంకో కాలు ఇరుక్కోవడం తప్ప లాభం లేదు.

ఇక మిగిలింది పక్క పంపు. కంట్రోల్ రూములో ఆ రోజు అబూ ఫహద్ డ్యూటీ. మంచి మనిషి, మాకు ఖర్జూరాలు పంపేవాడు.

"అబూ ఫహద్, పక్క పంపు ఆపండి. మనిషి ఇరుక్కున్నాడు."

"అది ఆపితే యూనిట్ మొత్తం ఆగిపోతుంది చీఫ్. ముదీర్‌ని, మా ప్లాంటు పెద్దాయన్ని, అడగాలి. ఆయన ఫోన్ ఎత్తడంలేదు."

"పక్క పంపు ఆపండి."

"నా చేతుల్లో లేదు చీఫ్, నా ఉద్యోగం..."

"పక్క పంపు ఆపండి."

"బతికున్నాడా?" అన్నాడు.

"ఇప్పటికి ఉన్నాడు."

"బిస్మిల్లా" అని వినపడింది. పంపు మోత ఆగింది. రోజూ వినీ వినీ అలవాటైపోయిన ఆ మోత ఆగేసరికి ఒడ్డున అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అబూ ఫహద్‌ని తర్వాత సంజాయిషీ అడిగారని విన్నాను. ఖర్జూరాలు మాత్రం ఎప్పటిలాగే వచ్చేవి.

పంపు ఆగగానే కాలు ఊడిరాదు. అటువైపు నీళ్ళు నెమ్మదిగా నిండాలి. అప్పటిదాకా చెయ్యగలిగింది ఏమీ లేదు, మాట్లాడుతూ కూర్చోవడం తప్ప.

"చీఫ్ గారూ, హోసు ఎవరి చేతిలో ఉందండీ?" అన్నాడు సత్తిబాబు. ఊపిరి ఎగశ్వాసగా వస్తోంది.

"ఎందుకు?"

"ఇది మా ఓడి చెయ్యి కాదండి. ఆడు పట్టుకుంటే ఊగుద్దండి."

"నర్సయ్య."

"ఆడికెందుకిచ్చారండీ బాబూ? ఆడికీ నాకూ మాటల్లేవు గదండీ."

"హోసు పట్టుకోడానికి మాటలెందుకు? మాట్లాడ్డానికి నేనున్నాను."

"ఎండుచేపల కోపం తీర్చుకుంటాడేమోనండీ."

నర్సయ్య వైపు చూశాను. నీళ్ళ మీంచి చూపు తిప్పకుండానే, "తీర్చుకుంట సార్. ముందుగాల మీదికి రమ్మనుండ్రి" అన్నాడు. అదే మాట కిందికి చెప్పాను. సత్తిబాబు నవ్వాడో దగ్గాడో తెలియలేదు.

తర్వాత, "మా ఆవిడకి ఫోన్ చేస్తారాండీ?" అన్నాడు.

"పైకొచ్చి నువ్వే చేసుకో."

"రాకపోతేనండీ?"

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవాల్సిన పనేముంది, వచ్చింది. మైకు బటన్ వదిలేసి, గొంతు సవరించుకుని, మళ్ళీ నొక్కాను.

"ఏ కాలు?"

"ఎడంకాలండి."

"వేళ్ళు కదుపు."

"కదలట్లేదండి."

"కదుపు."

అలా ఎంతసేపు అడిగానో నేను లెక్కపెట్టలేదు. చివరికి, "కదిలాయండీ! వదులవుతుందండీ... వచ్చేసిందండీ చీఫ్ గారూ!" అన్నాడు.

"లాగమంటావా?"

"ఆయ్! ఇప్పుడు లాగమనండి!"

నర్సయ్య లాగాడు. స్టాండ్‌బై డైవరు దిగి ఆసరా ఇచ్చాడు. పైకొచ్చిన సత్తిబాబు మడమ బొప్పాయిలా వాచింది. హెల్మెట్ తీయగానే చుట్టూ చూశాడు. వీర్రాజు దూరంగా ఒక ప్లాస్టిక్ డబ్బా మీద, నీళ్ళకి వీపు పెట్టి కూర్చునున్నాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు. చేతుల్ని నమ్మలేక అలా కూర్చున్నానని తర్వాత చెప్పాడు.

అంబులెన్స్ వెళ్ళాక నర్సయ్య హోసుని చుట్టచుడుతూ ఒకచోట ఆగి, నాకు చూపించాడు. పై తొడుగు బారుగా చీలిపోయి లోపలి పోగులు కనపడుతున్నాయి. వీర్రాజు కూడా వచ్చి చూశాడు. చూసి అక్కడే నేల మీద కూలబడిపోయాడు.

"నేను లాగిందేనండీ ఇది. ఇంకోసారి లాగుంటే..."

"లాగలేదు కదా."

"మీరు ఆపబట్టండీ. నేను ఆపుకోలేదండీ. మా అక్క మొహం ఎలా చూడనండీ ఇంక?"

కోర్సు చేస్తున్నవాళ్ళకి

హెల్మెట్ ఏ కంపెనీది వాడతారు అంకుల్ అని అడుగుతారు మీరు. ఏదైనా ఒకటే. మీ హోసు పట్టేదెవరు, అది అడగండి. అయినవాడైతే మార్చమనండి. అయినవాళ్ళకి వేరే పనులు చాలా ఉన్నాయి, ఆసుపత్రికి రావడం, అన్నం తేవడం, ఇంటికి ఫోన్ చెయ్యడం. ఆ ఒక్క పనీ పరాయివాడికి వదలాలి. ఈ సంగతి జరిగాక మా మేనేజరు బంధువుల్ని విడదీశాడు. అది తన ఆలోచనే అన్నట్టు మీటింగులో చెప్పాడు. నేను కాదనలేదు, పని జరిగింది కదా.

తెగువ ఉన్నవాళ్ళ పక్కన కూడా పని చెయ్యకండి. దూకేస్తాను, లాగేస్తాను, చూసుకుందాం అనేవాడు పెళ్ళిళ్ళలో బావుంటాడు. నీళ్ళ దగ్గర నాకు కావాల్సింది చెప్పినమాట విని ఊరుకోగలిగినవాడు. ఊరుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. దానికి ఎవరూ మెడల్ ఇవ్వరు, పైగా తిడతారు.

వీర్రాజుని తిట్టారు. ఆ సాయంత్రానికల్లా అర్దియా క్యాంపంతా ఒకటే మాట. బావ నీళ్ళలో కొట్టుకుంటుంటే బావమరిది హోసు వదిలేసి పక్కన కూర్చున్నాడట. పరాయివాడొచ్చి కాపాడాడట. మాటకి కాళ్ళొచ్చి సబా అల్ సలేం దాకా పోయింది. నాగమణికి భర్త కాలు ఇరుక్కున్న సంగతి కంటే ముందు తమ్ముడు వదిలేసిన సంగతి చేరింది.

ఆసుపత్రి వరండాలో

మర్నాడు నేను, వీర్రాజు ఆసుపత్రిలో ఉన్నాం. వీర్రాజు గదిలోకి రాలేదు. బావ పిలుస్తున్నాడని నేను చెప్పినా రాలేదు. లిఫ్టు తెరుచుకున్నప్పుడల్లా ఉలిక్కిపడుతున్నాడు. "అక్కొచ్చే లోపల వెళ్ళిపోతానండీ" అంటాడు, వెళ్ళడు. ఊరికెళ్ళిపోతానన్నాడు. కఫీల్‌తో, అంటే వీసా ఇచ్చిన యజమానితో, మాట్లాడి ఉద్యోగం ఖలాస్ చేయించెయ్యమన్నాడు. అక్క ఒక్కమాట అంటే చాలు, ఆ మనిషి మళ్ళీ ఎవరి ముందూ తలెత్తడని నాకు అర్థమైంది. నేను తియ్యమన్న చెయ్యి అది.

నాగమణి వచ్చింది. మామా, అంటే ఆమె పనిచేసే ఇంటి యజమానురాలు, కారిచ్చి పంపిందట. పనిలోంచి ఉన్నపళంగా వచ్చినట్టుంది, చీర కొంగు ఇంకా బొడ్లో దోపే ఉంది. నా దగ్గర ఆగింది.

"చీఫ్ గారంటే మీరేనాండీ?"

"నేనేనమ్మా."

"మా తమ్ముడు హోసు వదిలేశాడంట. నిజవేనాండీ?"

"నిజమే. నేనే వదలమన్నాను. లాగితే హోసు తెగేది, గాలి ఆగేది."

"మీరనగానే వదిలేశాడా?"

"అనగానే వదల్లేదమ్మా. బతిమాలాడు. నాకు దణ్ణం పెడతానన్నాడు. అప్పుడు వదిలాడు."

భర్త గది ఎదురుగానే ఉంది, తలుపు తెరిచే ఉంది. ఆమె అటు వెళ్ళలేదు. వరండా చివర గోడకి ఆనుకుని నిలబడ్డ తమ్ముడి దగ్గరికి వెళ్ళింది. వీర్రాజు తల దించేశాడు. ముప్పై దాటిన మనిషి, పెద్ద మీసాలు, ఎవరైనా కొడతారేమో అన్నట్టు భుజాలు ముడుచుకున్నాడు.

"అక్కా, నేను..."

"నోర్ముయ్" అంది. అతని చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. "లాక్కుండా ఉండటం నీకెంత కష్టవో నాకు తెల్దేంట్రా? ఎవడేవన్నా అనుకోనీ. నువ్వు లాగుంటే నేనీపాటికి శవప్పెట్టె ఎంటబెట్టుకుని ఇమానం ఎక్కేదాన్ని."

వీర్రాజు భోరుమన్నాడు. ఆసుపత్రి వాళ్ళు తలుపుల్లోంచి తొంగిచూశారు. నాగమణి ఎవర్నీ పట్టించుకోకుండా, అతని ఏడుపు ఆగేదాకా ఆ చేతులు పట్టుకునే నిలబడింది. ఆ తర్వాత భర్తని చూడ్డానికి గదిలోకి వెళ్ళింది.